మొదటి దార

తెలుగులో మందు అనే మాట ఒకటుంది. మా ఇంట్లో అది చేసినంత పరేషాన్ ఇంకే మాటా చేయలేదు. జ్వరానికి మింగేదీ మందే, పత్తికి కొట్టేదీ మందే, పొద్దుగూకాక మగవాళ్లు సంచిలో దాచి తెచ్చుకునేదీ మందే. నేను వనపర్తి సర్కారు దవాఖానలో నర్సును. మొదటి రకం మందు నేనిస్తాను. మిగతా రెండు రకాలూ తాగినవాళ్లు నా వార్డుకే వస్తారు.

మా చెల్లెలి కూతురికి గోవాలో కొలువు దొరికినప్పుడు అది మా అమ్మకు ఫోన్ చేసి ఉన్నమాటే చెప్పింది.

"అవ్వా, మందు తయారుచేసే కంపెనీల కొలువొచ్చింది."

మా అమ్మ ఫోన్ చేతిలో పట్టుకునే వీధిలోకి వచ్చి, పెద్దబిడ్డ సూదులిస్తది, మనుమరాలు గోళీలు చేస్తది, ఇగ నాకు చావే లేదని కనిపించినవాళ్లందరికీ చెప్పింది. మరునాటి నుంచి ఊరు ఊరంతా మా పిల్లకు తమ రోగాలు అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఒకరికి బీపీ, ఒకరికి గ్యాస్, పక్కింటి ముసలాయనకు నిద్ర పట్టదు. మా అమ్మకు మోకాళ్లు. ఎప్పుడు మాట్లాడినా "నా మోకాళ్లకు ఏమన్న కనిపెట్టినవా?" అని అడిగేది. పిల్ల నవ్వి మాట మార్చేది. అబద్ధం ఎవరూ ఆడలేదు, కానీ నిజం కూడా ఇంటి గడప దాటి లోపలికి రాలేదు.

ఆ కంపెనీలో చేసేది రమ్ము. పెద్ద కార్ఖానా ఏమీ కాదు. చెరుకు రసం, బెల్లం పులియబెట్టి, రాగి బట్టీలో కొద్దికొద్దిగా కాచి, కట్టె పీపాల్లో పోసి ఏండ్ల తరబడి ఉంచి అమ్ముతారు. మా పిల్ల కెమిస్ట్రీ చదివింది. ఆ బట్టీ దగ్గర నిలబడి ఏది ఉంచాలో, ఏది వద్దో చూడటం దాని పని. ఇదంతా నాకొక్కదానికే చెప్పింది. విన్నరోజు నాకు ఒళ్లు మండింది. రోజూ కడుపులు ఉబ్బి, కళ్లు పచ్చబడి వచ్చేవాళ్లకు సెలైన్ ఎక్కించేదాన్ని నేను. "నేను ఈ తట్టు మూట దించుతుంటే నువ్వు ఆ తట్టు ఎత్తుతున్నవా?" అని అడిగాను. నువ్వొకసారి చూసినంక తిట్టు పెద్దమ్మా, అంది అంతే.

మా అమ్మకు చెప్పకపోవడానికి కారణం మా నాయన. మాది గట్టు మండలంలో ఒక చిన్న ఊరు. వాన కోసం మెడలు నిక్కించి చూసే భూములు, అవి కూడా మావి కావు. మా నాయన ఎవరు ఏ పని చెప్తే ఆ పని చేసేవాడు. ఊరి బయట వంక పక్కన సారా కాచేవాళ్లకు కట్టెలు కొట్టి మోసేవాడు. కూలి కింద వాళ్లు పైసలకు బదులు సారా పోసేవాళ్లు. సారాకే చిక్కాడు, సారాకే పోయాడు. అప్పటికి మా చెల్లె ఇంకా లంగా జాకెట్టు వేసుకునే పిల్ల. మా అమ్మ విత్తనం కోసం వేసే సీడు పత్తి చేలల్లో పూలు గిల్లి, రాళ్లు మోసి, మమ్మల్ని పెంచింది. తరువాత మా చెల్లె, మరిది పుణె దిక్కు పనులకు పోతుంటే వాళ్ల పిల్లను కూడా ఆమే సాకింది. అందుకే మా పిల్లకు అమ్మ ఫోన్లో ఉంటుంది, అవ్వ ఇంట్లో ఉంటుంది.

మా దిక్కు పెత్రామాస, అదే పితృ అమావాస్య నాడు, పోయినవాళ్లకు ఆకు వేసి, వాళ్లకు ఇష్టమైనవన్నీ వడ్డిస్తారు. కొడుకులు లేని ఇల్లు కాబట్టి మా ఇంట్లో ఆ పని మా అమ్మదే. అన్నం, కోడికూర, గారెలు పెడుతుంది. బీడీ కట్ట, అగ్గిపెట్టె కూడా పెడుతుంది. తాగే మనిషికి పక్కన గ్లాసు పెట్టాలని ఊళ్లో అందరూ అంటారు. ఆమె ఏనాడూ పెట్టలేదు. "బతికినన్ని దినాలు తాగిండు. సచ్చినంక గూడ నేనే పొయ్యాల్నా?" అనేది.

ఈ ఏడు పెత్రామాసకు వారం ముందు పిల్ల నాకు ఫోన్ చేసింది. కొలువులో చేరిన కొత్తలో తన చేత్తో నింపిన పీపాను ఇప్పుడు తెరిచారట. బాగా వచ్చిందట. ఆ సీసాల మీద తయారుచేసిన మనిషి పేరు వేస్తామన్నారట.

"పేరు ఎయ్యకముందే అవ్వకు చెప్పాలె పెద్దమ్మా. పండుగకు వస్తున్న. నువ్వు గూడ రా. అవ్వ వద్దంటే కొలువు ఇడిచిపెడ్త."

"నిజంగ ఇడుస్తవా?"

"ఇడుస్త. అవ్వ మొకం చూసుకుంట అబద్ధం మీద బతకనీకి నాతోని కాదు."

అంత ఇష్టంగా చేసే పనిని అంత తేలికగా పణం పెట్టడం చూస్తే నాకు భయం వేసింది. మా అమ్మ వద్దంటుందని నాకు ఖాయంగా తెలుసు.

పెత్రామాసకు ముందురోజు వనపర్తి నుంచి గద్వాలకు బస్సులో, అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరేసరికి పగటి ఎండ ఇంకా దిగలేదు. గుమ్మంలో కాలు పెట్టగానే ఆగిపోయాను. ఇల్లంతా ఏదో వాసన. బెల్లం పాకం పొయ్యి మీద నుంచి దించబోయే ముందు వచ్చే వాసనలాంటిది. పండుగ వంటలు అప్పుడే మొదలుపెట్టిందా అనుకున్నాను.

మా అమ్మ మంచం మీద కాళ్లు చాపుకుని, చీర మోకాళ్ల పైకి జరుపుకుని కూర్చుంది. పక్కన లేబుల్ లేని సీసా, దానికి కట్టె బిరడా. అరచేతిలో బంగారు రంగు నీళ్లు పోసుకుని మోకాలికి గుండ్రంగా, భక్తిగా రుద్దుకుంటోంది.

"మనుమరాలు తెచ్చింది," అంది నన్ను చూసి మెరిసే మొఖంతో. "అడగంగ అడగంగ ఇన్నొద్దులకు తెచ్చింది. ఉతకనీకి బట్టలు తీస్తుంటే సంచిల కనవడ్డది. జర సల్లగ తాకుతది, ఎనకకెల్లి ఎచ్చగ అయితది. మీ దవాఖాన మలాము దీని కాలిగోటికి సరిపోదు."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏండ్ల తరబడి పీపాలో పెట్టి కాపాడినది మా అమ్మ మోకాళ్ల ముడతల్లోకి ఇంకిపోతోంది.

"పిల్లేది?"

"తంగేడు పువ్వుకు పొయ్యింది, పక్కింటి పోరగాండ్లతోని. రేపు బతుకమ్మ పేర్చాలె గద." సీసా నాకు అందించింది. "వాసన సూడు. తాగే మందు గూడనేమో. చెంచ తీస్కరా."

"అమ్మా, దాన్ని రానీ, అడుగుదాం," అన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సారా తాగే మనిషి పక్కన అంత కాలం బతికిన ఆడది, వాసన గుర్తుపట్టలేదా అని అడగొచ్చు. మా ఇంట్లోకి వచ్చిన సారాకు కుళ్లిన బెల్లం కంపు ఉండేది. సారా బట్టీలో వేసే నవసాగరం ఘాటు ఉండేది. నాయన చొక్కాకు, దుప్పటికి, ఆఖరుకు గోడకు కూడా ఆ కంపు పట్టింది. మా అమ్మ లోకంలో సారా అంటే ఆ కంపే. ఈ సీసాలోని వాసనకూ దానికీ చుట్టరికం ఉంటుందని ఆమెకెలా తోస్తుంది?

చేతినిండా తంగేడు కొమ్మలతో పిల్ల లోపలికి వచ్చింది. సీసాను చూసింది, మోకాళ్లను చూసింది, నన్ను చూసింది. నేను తల అడ్డంగా ఊపాను, నేనేమీ చెప్పలేదని. అప్పటికే మా అమ్మ లేచి తనే చెంచా తెచ్చుకుంది.

"ఎన్ని చెంచలే, పొద్దుగాల్న, మాపటికి?"

"అవ్వా, ఆగు, అది..."

ఆగలేదు. చెంచా నిండా పోసుకుని, కళ్లు మూసుకుని, దేవుణ్ని తలుచుకుని మింగింది. రుచి చూసి తల ఊపింది. ఆ మరుక్షణం గొంతు దగ్గర చెయ్యి పెట్టుకుంది. ముక్కుకు తెలియనిది గొంతుకు తెలిసింది. కొత్తకోడలిగా ఉన్నప్పుడు మా నాయన సరసానికి బలవంతంగా ఒక గుక్క తాగించాడట, ఆ మంట ఇన్నేండ్లూ లోపల అట్లాగే ఉండిపోయినట్టుంది.

"ఇది సారా," అంది.

పిల్ల చేతిలో కొమ్మలు కింద పడ్డాయి. అది మంచం ముందు నేల మీద కూర్చుని, అవ్వ పాదాలు పట్టుకుని చెప్పేసింది. మందు అంటే ఈ మందు అవ్వా. గోళీలు కాదు. నేను చెప్పిన్నాడు నువ్వు దవాఖాన మందు అనుకున్నవు, నీ సంబురం చూసి నాకు నోరు రాలే. ఇది నా చేత్తోని చేసిన. నువ్వు వద్దంటే రేపే మానేస్త.

మా అమ్మ తిట్టలేదు. చెంచాను తిప్పి తిప్పి చూసుకుంటూ అడిగింది.

"దేంతోని చేస్తరు?"

"బెల్లం, చెరుకు రసం."

"ఆయిన తాగింది గూడ బెల్లందే. నవసాగరం ఏస్తరా?"

"ఎయ్యం అవ్వా."

"మరి దీనికి ఆ కంపు ఎందుకు లేదు?"

పిల్ల కళ్లు తుడుచుకుంది. పని గురించి అడిగేసరికి దాని గొంతు కాస్త నిలబడింది. పాత్రలు కడిగే తీరు చెప్పింది, రాగి ఎందుకో చెప్పింది, నిదానంగా మంట పెట్టడం చెప్పింది. "అన్నిటికంటే ముఖ్యం మొదటి దార అవ్వా. బట్టీ కాగినంక మొట్టమొదలు జారేది మంచిది కాదు. మనిషికి చెడు చేసేదంత అండ్లనే ముందుగ వస్తది. దాన్ని పారబోస్తం. ఎప్పటి దాక పారబొయ్యాలె, ఎక్కడ ఆపి పట్టుకోవాలె, వాసన చూసి చెప్పుడే నా పని."

"పారబోస్తరా?" మా అమ్మ తలెత్తింది. "మొదటి దారనా?"

"అవును."

"సక్కగ నేల మీదనా?"

"తాగేదాంట్ల మాత్రం కలువనియ్యం అవ్వా."

మా అమ్మ లేచి మోకాళ్లు పట్టుకుంటూ అరుగు మీదికి పోయి, మాకు వీపు పెట్టి కూర్చుని తంగేడు పువ్వు తుంచడం మొదలుపెట్టింది. పిల్లకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. వంక దగ్గర మొదట జారిన దారకు అగ్గిపుల్ల గీస్తే నీలంగా మండేది. అదే అసలు సరుకని పేరు. కట్టెలు మోసినందుకు మెచ్చి మా నాయనకు అదే పోసేవాళ్లు. ఇంటికొచ్చి "మొదటి దార మనకే" అని మీసం దువ్వేవాడు. అది గొప్పనుకున్నాడు, మేమూ గొప్పనుకున్నాం.

ఇది పిల్లకు మెల్లగా చెప్పాను. అది సీసా అందుకుని, "నువ్వన్న రుచి చూడు పెద్దమ్మా. రేపు అవ్వ వద్దంటే ఇగ దీని గురించి మాట్లాడుకునేది ఉండదు," అంది.

కాదనలేకపోయాను. మా ఇంట్లో ఉన్నవన్నీ స్టీలు గ్లాసులు. వాటిలో వాసన నిలబడదని అది వంటింట్లో వెతికి, ఖాళీ తేనె సీసా కడిగి తెచ్చింది. నోరు చిన్నది, కడుపు పెద్దది. అడుగున ఒక గుక్క పోసి కిటికీ వెలుగుకు పట్టింది. తంగేడు పువ్వు కంటే చిక్కటి రంగు, నువ్వుల నూనె కంటే తేటది. ఆ రంగు తాము వేసింది కాదని, పీపా కట్టె ఇచ్చిందని చెప్పింది. సీసా వంచి తిప్పితే గాజు లోపలి గోడ మీద సన్నని తీగలు సాగి నింపాదిగా కిందికి దిగాయి.

సీసా నోటికి ముక్కు ఆనించి గట్టిగా పీల్చాను. దవాఖాన వాసన కొట్టింది, సూది వేసే ముందు దూదితో రుద్దే స్పిరిట్. మొఖం తిప్పుకున్నాను.

"గట్ల కాదు. జర దూరం పట్టు. నోరు కొంచెం తెరిచి మెల్లగ పీల్చు."

ఈసారి స్పిరిట్ పక్కకు జరిగింది. దాని వెనక నుంచి బెల్లం వచ్చింది. పచ్చి బెల్లం కాదు, అడుగంటడానికి ఒక్క క్షణం ముందున్న పాకం. కాసేపు ఆగి మళ్లీ చూస్తే ఇంకొకటి. అది ఏమిటో వెంటనే పట్టుకోలేకపోయాను. తెలిసిన మనిషి మొఖం, పేరు గుర్తుకు రాదు. తరువాత చటుక్కున దొరికింది. నేను నాగర్‌కర్నూల్‌లో పనిచేసిన రోజుల్లో ఎండకాలం కొల్లాపూర్ దిక్కు చుట్టాల ఇంటికి పోయేదాన్ని. వాళ్లు ఒక గదిలో వరిగడ్డి పరిచి మామిడికాయలు మాగేసేవాళ్లు. ఆ గది తలుపు తీయగానే ఎదురొచ్చే వాసన ఇది. పండు, గడ్డి, మూసిన గది వెచ్చదనం, మూడూ కలిసి.

"మాగేసిన మామిడి," అన్నాను.

పిల్ల మొఖం వెలిగింది. "అక్కడ అందరు అరటిపండు అన్నరు పెద్దమ్మా. నాకైతే మామిడే అనిపించింది. మామిడి అంటే ఎవ్వరు ఒప్పుకోలే."

నోట్లో పెట్టుకున్నాక ఇంకో చిత్రం జరిగింది. వాసనంతా తీపి, నాలుక మీద మాత్రం తీపి లేదు. మొదట మిరియం తగిలినట్టు సుర్రుమంది. తరువాత కరక్కాయ నమిలినట్టు చిగుళ్లు బిగిశాయి. అది కట్టె అని చెప్పింది పిల్ల. మింగాక గొంతులో మంట లేచి, కాల్చకుండా, వెచ్చగా కిందికి దిగింది. అయిపోయింది అనుకుంటే, ఊపిరి వదిలినప్పుడు వేయించిన పల్లీల పొట్టు రుచి మళ్లీ పైకి వచ్చింది. వేలితో రెండు చుక్కల నీళ్లు వేసి ఇచ్చింది. మామిడి ఇంకా ముందుకొచ్చింది, మిరియం వెనక్కి తగ్గింది. నీళ్లతో పలచబడాలి గానీ ఇట్లా విచ్చుకోవడమేమిటో నాకు తెలియదు.

మెచ్చుకోవడంలో నేను పిసినారిని. మా వార్డులో జూనియర్లను అడగండి, చెప్తారు. కానీ ఆ గుక్క ముందు నా కోపం నిలబడలేదు. నేను ఇన్నేండ్లు చూసింది తాగుడును. ఇది పనితనం. ఇందులో తొందర లేదు. ఎవరో నిలబడి, వాసన చూసి, పనికిరానిది పారబోసి, పనికొచ్చేదాన్ని ఏండ్ల కొద్దీ నమ్ముకుని కూర్చున్నారు. ఆ ఎవరో మా చేతుల్లో పెరిగిన పిల్ల. రేపు మళ్లీ వార్డుకు పోతే మళ్లీ తిడతాను, తాగేవాళ్లను తిట్టడం నేను మానను. అయినా అప్పుడు మాత్రం, "మంచిగ చేసినవే," అన్నాను.

"పీపాల పోసినంత బయటికి రాదు పెద్దమ్మా," అంది అది, మాటలు సాగుతున్న ఉత్సాహంలో. "కట్టెలకెల్లి కొంత గాలికి పోతది. ఏటేట తగ్గుతది. అది దేవదూతల వాటా అంటరు మా సార్లు."

అరుగు మీద నుంచి గొంతు వినిపించింది. "దూతలు గాదు. మీ తాతనే వొయ్యి తాగింటడు. ఆయనకు గోవ గూడ దూరం గాదు."

మేమిద్దరం పగలబడి నవ్వాం. నాయన పోయాక ఆయన మీద మా అమ్మ పరాచికమాడటం నేను వినడం అదే మొదలు. కానీ ఆమె మా వైపు తిరగలేదు. కొలువు మాట ఎత్తలేదు. పిల్ల నవ్వు కూడా సగంలోనే ఆగింది.

మరునాడు పొద్దున మా అమ్మ స్నానం చేసి, గోడ పక్కన అలికి, ఆకు వేసింది. అన్నం, కోడికూర, గారెలు వడ్డించింది. బీడీ కట్ట, అగ్గిపెట్టె పెట్టింది. ఎప్పటిలాగే ఆకు పక్కన గ్లాసు పెట్టే చోటు ఖాళీగా ఉంది. దాన్ని ఒకసారి చూసి పిల్లతో అంది.

"ఆ సీసా తీస్కరా."

పిల్ల తెచ్చింది. మా అమ్మ గూట్లో నుంచి దగ్గు మందు సీసా మూత తీసి, కడిగి, దాని నిండా రమ్ము పోసింది. ఆకు దగ్గరికి రాలేదు. గడప దాటి బయటికి పోయి మట్టి మీద వంపేసింది.

"సాక పోసినవా అవ్వా?" అని అడిగింది పిల్ల. మా దగ్గర దేవతకైనా పెద్దలకైనా ముందు కొంచెం నేల మీద పోస్తాం, దాన్ని సాక అంటాం. నేనూ అదే అనుకున్నాను.

"సాక గాదు. మొదటి దార పారబోసిన."

పిల్ల నోరు తెరిచింది. సీసాలో ఉన్నదానికి మొదటి దార లేదని, అది ఎప్పుడో గోవాలో పారబోశారని చెప్పబోయింది. నా వైపు చూసి నోరు మూసుకుంది.

మా అమ్మ మూత మళ్లీ నింపింది. వచ్చి ఆకు పక్కన ఖాళీ చోట పెట్టింది. నేల మీద చెయ్యి ఆనించి, మోకాళ్ల నొప్పికి మెల్లగా వంగి, ఎదురుగా మనిషి కూర్చున్నట్టే మాట్లాడింది.

"ఏమయ్యా. నీకు పోసినోళ్లల్ల ఒక్కడన్న పారబొయ్యలే. నీ మనుమరాలు పారబోస్తది. ఇగ తాగు."

పిల్ల గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మా అమ్మ అటు తిరగకుండానే, ఆకు మీద గారె సర్దుతూ అంది.

"ఏడ్సుడు ఎందుకే. దసరా కాంగనే పనికి పో. నువ్వు లేకుంటే ఆడ ఎవ్వరు పారబోస్తరు?"